రక్తపిశాచుల వేటగాళ్లలో ఎవరితో మొదలుపెట్టాలి? రాయగడ, గుణుపురం వైపు ఇళ్లకు ఒక పోలిక

ఒకే సినిమా చూసే తీరిక ఉంటే 1998లో వచ్చిన ‘బ్లేడ్’ చూడండి. పిల్లలు, నాయనమ్మ, పక్కింటివాళ్లు అందరూ ఒకే గదిలో కూర్చుంటే 2004 నాటి ‘వాన్ హెల్సింగ్’ పెట్టండి. పోరాటాల సంగతి ఎలా ఉన్నా కథ మనసులో నిలవాలనుకుంటే, జపాన్ యానిమేషన్ చిత్రం ‘వాంపైర్ హంటర్ డి: బ్లడ్‌లస్ట్’ను మించినది ఈ కోవలో నాకు కనిపించలేదు. తొందరలో ఉన్నవాళ్లు ఇక్కడితో ఆగి సినిమా మొదలుపెట్టుకోవచ్చు. మిగిలినవాళ్లకు ఈ తీర్పు వెనుక కారణాలు చెబుతాను. ఏ సినిమా ఎవరికి నప్పదో కూడా చెబుతాను, ఎందుకంటే ఈ తరహా చిత్రాల్లో తప్పు సినిమా తప్పు మనుషుల మధ్య పెడితే సాయంత్రమంతా పాడవుతుంది.

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు తెలుగు ఇళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. హైదరాబాదులో కూర్చుని ఇచ్చే సలహాలు మనకు సగమే పనికొస్తాయి. అక్కడ ఏ సినిమా అన్నది తేలితే చాలు. ఇక్కడ ఏ భాషలో అన్నది అంతకుముందే తేలాలి.

ముందు భాష

మన ఇళ్లలో నాయనమ్మకు తెలుగు తప్ప వేరే భాషలో సినిమా ఎక్కదు. నాన్నకు తెలుగు, ఒడియా రెండూ సొంత భాషల్లాంటివే, హిందీ చెవిన పడితే అర్థమవుతుంది. పిల్లలు ఇంట్లో చక్కటి తెలుగు మాట్లాడతారు గాని, బడిలో నేర్చుకున్నది ఒడియా లిపి, ఇంగ్లీషు లిపి. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివేలోపు తెర మీద వాక్యం మారిపోతుంది. అందువల్ల తెలుగు సబ్‌టైటిల్స్ ఉన్నాయని ఎవరైనా గొప్పగా చెప్పినా మన ఇంట్లో వాటిని చదివేవారు ఒకరిద్దరే. మనకు కావలసింది చెవికి అందే మాట. తెలుగు డబ్బింగ్ దొరికితే అదే మేలు. దొరకకపోతే హిందీ డబ్బింగ్ పెట్టుకుని, నాయనమ్మ పక్కన ఒకరు కూర్చుని మధ్యమధ్యలో కథ అందించాలి.

డబ్బు కట్టే ముందు, అద్దెకు తీసుకునే ముందు ఆడియో జాబితా తెరిచి చూడండి. ఒకే సినిమాకు ఒక చోట ఇంగ్లీషు ఒక్కటే ఉంటుంది, మరో చోట హిందీ కూడా ఉంటుంది. ఈ చిత్రాలు ఒక సేవ నుంచి ఇంకో సేవకు మారుతూ ఉంటాయి కాబట్టి కిందటి ఏడాది ఎవరో చెప్పిన మాట ఈ ఏడాది పనికిరాకపోవచ్చు.

భాష తెలియకపోయినా నష్టం తక్కువ ఉండే సినిమా ‘బ్లేడ్’. కథానాయకుడు పొదుపుగా మాట్లాడతాడు. అతని నడకలో, భుజాలు కదిలే తీరులో, కత్తి పట్టులో అంతా తెలిసిపోతుంది. ‘వాన్ హెల్సింగ్’లో మాటలు ఉన్నా సూటిగా ఉంటాయి, ఏ భాషలోకి మార్చినా చెడవు. ‘డి’ చిత్రానికి ముందుగా రికార్డు చేసింది ఇంగ్లీషు మాటలే. జపాన్ సినిమా కదా అని జపనీస్ ఆడియో కోసం వెతుక్కోనక్కరలేదు. కాలేజీ పిల్లలు ఇంగ్లీషు మాటలు, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో నిశ్చింతగా చూడవచ్చు. వీటికి భిన్నంగా, 2022లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘డే షిఫ్ట్’లో సగం వినోదం మాటల వేగంలోనే ఉంది. దాన్ని మూల భాషలో అందుకోగలిగేవారికే సిఫారసు చేస్తాను.

వేటగాణ్ని బట్టి సినిమా

ఈ సినిమాలన్నిటిలో కోరలు ఉంటాయి, నెత్తురు ఉంటుంది, చీకటి కోటలు ఉంటాయి. వాటిని పోల్చి ఎంచుకోవడం కష్టం. నేను వేటగాణ్ని పోలుస్తాను. ఈ వేటలో అతను ఏం పోగొట్టుకుంటున్నాడు? ఈ ఒక్క ప్రశ్నకు సినిమా ఇచ్చే జవాబులో దాని బలం తెలుస్తుంది.

మనకు అలవాటైన భూతవైద్యుడి పని వేరు. వేపమండలు పట్టుకుని, మంత్రం చదివి, పట్టిన దయ్యాన్ని వదిలిస్తాడు. దయ్యం పోతుంది, మనిషి మిగులుతుంది. పడమటి దేశాల రక్తపిశాచి కథలో అలా వదిలించడం కుదరదు. కాటు పడ్డ మనిషే పిశాచిగా మారతాడు. నిన్నటిదాకా పక్కన కూర్చుని అన్నం తిన్నవాణ్నే చంపాలి. ఆ బరువును మోయించిన సినిమా గొప్పగా ఉంటుంది. ఆ బరువును పక్కన పడేసి గాలిలో గంతులు మాత్రమే చూపించిన సినిమాను పేరు చదివి వదిలేయవచ్చు.

వేటగాళ్లలో సుమారుగా మూడు జాతులు కనిపిస్తాయి. తమ ఒంట్లోనే పిశాచి రక్తం మోస్తూ పిశాచాలను వేటాడేవాళ్లు మొదటివాళ్లు: బ్లేడ్, డి. చర్చి పంపగా వచ్చేవాళ్లు రెండోవాళ్లు: వాన్ హెల్సింగ్, 1998లోనే వచ్చిన జాన్ కార్పెంటర్ చిత్రం ‘వాంపైర్స్’లోని జాక్ క్రో. పగ కోసమో పొట్ట కోసమో దిగేవాళ్లు మూడోవాళ్లు. నాకు మొదటి జాతి మీదే మక్కువ. అందుకు కారణం మన ఊళ్లలోనే ఉంది. పార్వతీపురం దాటి వెళితే మనం ఒడిశావాళ్లం, తిరిగి రాయగడలో రైలు దిగితే ఆంధ్రావాళ్లం. రెండు వైపులా చుట్టరికం ఉన్నా రెండు వైపులా కొంచెం పరాయితనం తప్పదు. మనుషుల్లో పిశాచిగా, పిశాచాల్లో మనిషిగా బతికే వేటగాడి ఒంటరితనం ఇలాంటి చోట పెరిగినవాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

బ్లేడ్

ఈ పాత్ర మార్వెల్ కామిక్స్‌లో 1973లో పుట్టింది. రచయిత మార్వ్ వుల్ఫ్‌మన్, చిత్రకారుడు జీన్ కోలన్. పాతికేళ్ల తరువాత స్టీఫెన్ నారింగ్టన్ దర్శకత్వంలో వెస్లీ స్నైప్స్ దానికి ఒళ్లు ఇచ్చాడు. నిండు గర్భిణిని పిశాచి కరిచినప్పుడు పుట్టిన బిడ్డ బ్లేడ్. పిశాచాల బలం వచ్చింది, ఎండకు కాలిపోయే శాపం రాలేదు. రక్తదాహం మాత్రం వదల్లేదు. దాన్ని అణచడానికి మందు ఎక్కించుకోవాలి, ఆ మందు రోజురోజుకూ తక్కువగా పనిచేస్తోంది. చూశారా, శత్రువు బయట ఎంత ఉన్నాడో లోపలా అంతే ఉన్నాడు. సినిమా మొత్తం ఈ మందు చుట్టూ తిరుగుతుంది, అందుకే పోరాటాలు ఎన్ని ఉన్నా విసుగు రాదు.

మాంసం కర్మాగారం లోపల దాచిన నృత్యశాలలో, పై గొట్టాల నుంచి నెత్తురు వాన కురిసే మొదటి ఘట్టం ఈ సినిమాకు గుమ్మం లాంటిది. ఆ ఘట్టం చూడలేకపోతే మిగతా సినిమా కూడా చూడలేరు. అప్పుడు మొహమాటపడకుండా ఆపేయండి. చూడగలిగితే ఆ తరువాత రెండు గంటలూ చేతిలో ఫోను ముట్టరు. స్నైప్స్ నిజంగా యుద్ధవిద్యలు నేర్చినవాడు. దెబ్బ కొట్టాక కాలు ఎక్కడ ఆనిందో కూడా తెలుస్తుంది. ఇప్పటి సినిమాల్లో షాట్లు మారే వేగానికి ఎవరు ఎవరిని కొట్టారో తెలియని ఇబ్బంది ఇందులో లేదు. చివర్లో వచ్చే కంప్యూటర్ బొమ్మలు మాత్రం పాతబడ్డాయి, ఆ కొద్ది నిమిషాలను మన్నించాలి.

నాకు మరీ నచ్చింది ఇందులోని వైద్యం. రక్తవ్యాధుల నిపుణురాలైన కథానాయిక, పిశాచాలను దైవశాపంగా కాక ఒక రోగంగా చూస్తుంది. సిలువ పనిచేయదు, వెల్లుల్లి, వెండి, ఎండ పనిచేస్తాయి. ఆమె కనిపెట్టే ఆయుధం ఇడిటిఎ అనే రసాయనం. మన దగ్గర రక్తపరీక్షకు వెళితే ఊదా రంగు మూత ఉన్న చిన్న గొట్టంలో రక్తం తీస్తారు కదా, ఆ గొట్టంలో ఉండేది అదే. రక్తంలోని కాల్షియాన్ని పట్టేసి గడ్డకట్టకుండా ఆపుతుంది. పిశాచి ఒంట్లోకి అది వెళితే ఏమవుతుందో సినిమాలో చూడండి. నర్సింగ్, లాబ్ టెక్నీషియన్ కోర్సులు చదివే పిల్లలు ఇంట్లో ఉంటే ఈ సినిమా వాళ్లకు తప్పకుండా చూపించాలి.

2002లో వచ్చిన రెండో భాగం గిలెర్మో డెల్ తోరో దర్శకత్వం. ఇతనికే తరువాత ‘ది షేప్ ఆఫ్ వాటర్’కు ఉత్తమ దర్శకుడిగా ఆస్కార్ వచ్చింది. పిశాచాలను కూడా తినే కొత్త జాతి పుట్టుకొస్తుంది. దాన్ని ఎదుర్కోవడానికి, తనను చంపడానికే శిక్షణ పొందిన పిశాచి దళంతో బ్లేడ్ చేతులు కలపాలి. గడ్డం చీలి రెండుగా తెరుచుకునే ఆ జీవులను చూశాక నిద్ర పట్టకపోవచ్చు. భయం కావాలనుకునేవారికి మొదటి భాగం కన్నా ఇదే ఎక్కువ నచ్చుతుంది. నాకు మొదటిదే ఎక్కువ, ఎందుకంటే రెండోదానిలో బ్లేడ్ లోపలి యుద్ధం పలచబడింది. వరుస తప్పించి రెండోది ముందు చూడకండి. బ్లేడ్‌ను పెంచి, ఆయుధాలు చేసిపెట్టే ముసలాయన విస్లర్‌తో అతనికున్న బంధం తెలియకపోతే రెండో భాగం తొలి అరగంటలో పట్టు దొరకదు. ఆ పాత్ర వేసిన క్రిస్ క్రిస్టాఫర్సన్ పేరున్న పాటల రచయిత, గాయకుడు కూడా. మాట తీరులోనే అనుభవం పలుకుతుంది.

2004 నాటి మూడో భాగం వద్దు. హాస్యం పెంచి, బ్లేడ్‌ను పక్కకు నెట్టారు.

వాన్ హెల్సింగా, లింకనా?

కుటుంబం కోసం ఎంచుకునేటప్పుడు చాలామంది ‘వాన్ హెల్సింగ్’, ‘అబ్రహాం లింకన్: వాంపైర్ హంటర్’ అనే ఈ రెండింటి మధ్య తటపటాయిస్తారు. రెండూ గుర్రబ్బండ్ల కాలంలో జరుగుతాయి, రెండింటికీ ఖర్చు బాగా పెట్టారు, రెండింటిలో వేటగాడి పేరు అందరూ విన్నదే.

బ్రామ్ స్టోకర్ 1897 నవలలో వాన్ హెల్సింగ్ వయసు మళ్లిన డచ్ ఆచార్యుడు, వైద్యుడు. స్టీఫెన్ సోమర్స్ తీసిన 2004 చిత్రంలో అతను హ్యూ జాక్‌మన్ రూపంలో కండలు తిరిగిన యువకుడయ్యాడు. చేతిలో వరుసగా బాణాలు వదిలే యంత్ర ధనుస్సు ఉంటుంది. డ్రాకులా, అతని ముగ్గురు భార్యలు, తోడేలు మనిషి, ఫ్రాంకెన్‌స్టైన్ సృష్టించిన ప్రాణి అందరూ ఒకే కథలోకి వస్తారు. జానపద సినిమాలు చూసి పెరిగినవాళ్లకు ఈ జాతర నచ్చుతుంది. రాక్షసుడి ప్రాణం ఎక్కడో ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందని వింటూ పెరిగిన నాయనమ్మకు, ఈ డ్రాకులాను చంపడానికి ఒకే ఒక్క దారి ఉందన్న విషయం వెంటనే అర్థమవుతుంది. అమెరికాలో దీనికి పదమూడేళ్లలోపు పిల్లలు పెద్దల పర్యవేక్షణలో చూడాలన్న రేటింగ్ ఇచ్చారు. భయం ఉంది, నెత్తురు తక్కువ. రెండు గంటల పది నిమిషాల నిడివి మాత్రం చిన్నపిల్లలకు ఎక్కువే. నృత్యోత్సవం ఘట్టం దగ్గర ఒకసారి ఆపి, టీ తాగి, మళ్లీ మొదలుపెట్టండి.

వేటగాడు ఏం పోగొట్టుకుంటున్నాడన్న నా ప్రశ్నకు ఈ సినిమా ఇచ్చే జవాబు ఆలస్యంగా, చివరి పావుగంటలో వస్తుంది. వచ్చినప్పుడు బాగానే తగులుతుంది. అప్పటిదాకా గంతులు, కేకలు భరించాలి.

పిల్లలకు ఒక సంగతి ముందే చెప్పండి. సినిమా చూసిన రాత్రి చెట్టు మీద గబ్బిలాలు కనిపిస్తే భయపడతారు. రక్తం తాగే గబ్బిలాలు ప్రపంచంలో మూడే జాతులు, మూడూ లాటిన్ అమెరికాలోనే ఉన్నాయి. మన చెట్లకు వేలాడే పెద్ద గబ్బిలాలు పండ్లు తిని బతుకుతాయి.

‘అబ్రహాం లింకన్: వాంపైర్ హంటర్’ 2012లో వచ్చింది. దర్శకుడు తిమూర్ బెక్మంబెతోవ్. లింకన్ తొమ్మిదేళ్ల వయసులో, 1818లో, తల్లి నాన్సీ చనిపోయింది. విషపు మొక్క మేసిన ఆవు పాల వల్ల వచ్చే జబ్బు ఆమెను తీసుకుపోయిందని చరిత్ర చెబుతుంది. సినిమాలో ఆ చావుకు ఒక పిశాచి కారణం. లింకన్ యువకుడిగా గొడ్డలి పట్టి కట్టెలు కొట్టిన మాట నిజమే, సినిమా ఆ గొడ్డలికి వెండి పూత పూసింది. దక్షిణ రాష్ట్రాల బానిస వ్యాపారం వెనుక పిశాచాలున్నాయని, వాళ్లకు బానిసలే తిండి అని కథ అల్లారు. ఈ ఊహలో దమ్ముంది. మనుషుల నెత్తురు తాగి బతికిన వ్యవస్థను నెత్తురు తాగేవాళ్ల కథగా చెప్పడం తెలివైన పని. చరిత్ర చదివిన పిల్లవాడితో కలిసి చూస్తే మాట్లాడుకోవడానికి చాలా ఉంటుంది.

అయినా నేను వాన్ హెల్సింగ్ వైపే మొగ్గుతాను. లింకన్ సినిమాలో ఊహకు తగ్గ నిదానం లేదు. పరుగెత్తే గుర్రాల మంద మధ్య జరిగే పోరాటంలో ఒక్క గుర్రం కూడా నేల మీద ఉన్నట్టు అనిపించదు. పైగా అమెరికాలో పెద్దల రేటింగ్ ఉన్న చిత్రం, తలలు తెగుతాయి. పదో తరగతి దాటిన పిల్లలతో మాత్రమే చూడండి. గంటా నలభై అయిదు నిమిషాల్లో అయిపోతుంది, అది దాని మేలు.

డి

‘బ్లడ్‌లస్ట్’ బొమ్మల సినిమా. దయచేసి ఆ మాట విని చిన్నపిల్లల ముందు పెట్టకండి. ఇందులో హింస ఉంది, అమెరికాలో దీనికీ పెద్దల రేటింగే ఇచ్చారు.

హిదెయుకి కికుచి నవలల ఆధారంగా యొషియకి కవజిరి దర్శకత్వంలో మాడ్‌హౌస్ స్టూడియో 2000లో తీసింది. పాత్రల రూపాలకు మూలం యొషితక అమనో గీసిన చిత్రాలు. ఎన్నో వేల ఏళ్ల తరువాతి లోకం. పిశాచ ప్రభువుల రాజ్యం కూలిపోతోంది, మిగిలినవాళ్లను వేటగాళ్లు డబ్బుకు చంపుతున్నారు. ఒక ధనికుడి కూతురు షార్లెట్‌ను మేయర్ లింక్ అనే పిశాచి తీసుకుపోతాడు. ఆమెను తెచ్చేందుకు డి బయలుదేరతాడు. తండ్రి పిశాచి, తల్లి మనిషి. అతని ఎడమ అరచేతిలో ఒక ముఖం ఉంటుంది. అది మాట్లాడుతుంది, వాదిస్తుంది, వెక్కిరిస్తుంది. డి నోరు తెరవడు, అరచెయ్యి నోరు మూయదు. అదే దారిలో మార్కస్ సోదరులు అనే మరో వేటగాళ్ల జట్టు పోటీకి వస్తుంది. అందులో లైలా అనే అమ్మాయి మీద కన్ను వేసి ఉంచండి.

ఎత్తుకుపోయాడా, ఆమే వెళ్లిందా అన్న సందేహం దారి మధ్యలో మొదలవుతుంది. అక్కడి నుంచి ఎవరు గెలవాలని కోరుకోవాలో మనకే తెలియదు. డి వృత్తిధర్మం ఒకవైపు, అతని రక్తంలో సగం మరోవైపు. బ్లేడ్ తన పిశాచి సగాన్ని అసహ్యించుకుంటాడు. డి దాన్ని మౌనంగా మోస్తాడు. ఈ తేడాను బట్టి మీకు ఏది సరిపోతుందో ఎంచుకోవచ్చు. కోపం కావాలంటే బ్లేడ్, దుఃఖం కావాలంటే డి. ముగింపు గురించి ఒక్క ముక్క చెప్పను, ఎవరైనా చెప్పబోతే చెవులు మూసుకోండి.

1985లో వచ్చిన మొదటి ‘వాంపైర్ హంటర్ డి’ చూడకుండా నేరుగా దీనిలోకి వెళ్లవచ్చు. కథలు వేర్వేరు.

కూలికి వేటాడేవాళ్లు

‘డే షిఫ్ట్’లో జేమీ ఫాక్స్ ఈత కొలనులు శుభ్రం చేసే పనివాడిగా కనిపిస్తూ, చాటుగా పిశాచాలను చంపి కోరలు అమ్ముకుంటాడు. కూతురి ఫీజు కట్టాలి, పళ్లకు క్లిప్పులు వేయించాలి, లేకపోతే భార్య కూతుర్ని తీసుకుని వేరే రాష్ట్రం వెళ్లిపోతుంది. వేటగాళ్లకు ఒక సంఘం, దానికి నియమాలు, అధికారుల చిరాకులు ఉన్నాయి. దర్శకుడు జె.జె. పెర్రీ స్టంట్ రంగం నుంచి వచ్చినవాడు. ఒళ్లు విల్లులా వంచగలిగినవాళ్లను పెట్టి పిశాచాల పోరాటాలు తీశాడు. ఆ ఒక్కటీ చాలా బాగుంటుంది. స్నేహితులు కలిసిన రాత్రికి సరిపోయే సినిమా. బూతులు చాలా ఉన్నాయి, పెద్దవాళ్ల ముందు పెట్టకండి.

కార్పెంటర్ ‘వాంపైర్స్’ న్యూ మెక్సికో ఎండలో తీసిన కౌబాయ్ కథ. పిశాచికి బాణం గుచ్చి, జీపుకు కట్టిన తాడుతో చీకటి ఇంట్లోంచి ఎండలోకి లాగుతారు. తొలి ఇరవై నిమిషాలు వేటగాళ్ల పనితనం చూపించిన తీరు ఈ జాబితాలో అన్నిటికన్నా నమ్మదగ్గది. దర్శకుడే కట్టిన సంగీతం కూడా బాగుంటుంది. అయితే కాటు పడ్డ ఒక స్త్రీని కథానాయకులు కట్టేసి, కొట్టి, ఎర వస్తువుగా వాడుకుంటారు. సినిమా దానికి ఏ మాత్రం బాధపడదు. ఈ కారణంతో నేను దీన్ని ఇంట్లో పెట్టను.

ఎంపికలో తరచూ తగిలే మరో రెండు పేర్లు ‘అండర్‌వరల్డ్’ (2003), మన ‘థామా’ (2025). మొదటిదానిలో వేటాడేదే పిశాచి, వేట తోడేలు మనుషుల మీద. రెండోది నవ్వులు కలిసిన ప్రేమకథ. వేటగాడి కథ కోసం వెతికేవారికి రెండూ దారి తప్పిస్తాయి.

చిల్లంగి మాట వినిపించే ఊళ్లలో

ఈ విషయం వినోదం పేజీల్లో ఎవరూ రాయరు, మన వైపు మాత్రం రాయాలి. ఎవరో జబ్బు పడితే, పశువు చస్తే, ఎవరో చిల్లంగి (చేతబడి) పెట్టారని ఒంటరి ముసలామె మీదో, ముసలాయన మీదో అనుమానం వేసే అలవాటు సరిహద్దుకు రెండు వైపులా ఇంకా చావలేదు. అలాంటి అనుమానాలతో దాడులు, హత్యలు జరిగిన ప్రాంతం ఇది. మంత్రగత్తె అని ముద్ర వేయడాన్ని నేరం చేస్తూ ఒడిశా 2013లో ప్రత్యేక చట్టం తెచ్చుకుంది.

రక్తపిశాచి సినిమాల్లో ఊరి జనం కాగడాలు పట్టుకుని బయలుదేరే ఘట్టం పాత ఆనవాయితీ. ‘వాన్ హెల్సింగ్’ మొదలయ్యేదే అలాంటి గుంపుతో. నలుపు తెలుపుల్లో, గాలిమర చుట్టూ మంటలు. ఆ గుంపు తప్పు చేస్తోందని సినిమాయే తరువాత చూపిస్తుంది, తరిమివేయబడ్డ ప్రాణి ఎంత మంచిదో చెబుతుంది. పిల్లలతో చూసేటప్పుడు ఆ ఘట్టం దగ్గర, ఆ జనం ఎందుకు తప్పో మాట్లాడండి. తరువాతి సంగతి తరువాత అని ఊరుకోకండి. తెర మీద పిశాచికి కోరలుంటాయి, కాబట్టి వేటగాడికి సందేహం ఉండదు. మన ఊళ్లో ఆరోపణకు గురయ్యే మనిషికి ఉండేది పేదరికం, ఒంటరితనం. ఈ తేడా పదేళ్ల పిల్లవాడికి కూడా అర్థమవుతుంది.

ఈ కోణంలో చూసినా ‘డి’కే ఎక్కువ మార్కులు వేస్తాను. చంపమని డబ్బిచ్చినా, చంపే ముందు నిజం ఏమిటని వేటగాడు ఆగి చూస్తాడు.

తెర, శబ్దం, సర్టిఫికెట్

ఇవన్నీ రాత్రి పూట జరిగే కథలు. ఎండాకాలం మధ్యాహ్నం కిటికీలు తెరిచి, పాత టీవీలో ‘బ్లేడ్ 2’ పెడితే నల్లటి తెర, అందులో మన ముఖాలు తప్ప ఏమీ కనిపించవు. చీకటి పడ్డాక, గదిలో లైటు తీసి చూడండి. ఫోనులోనే చూడక తప్పని పరిస్థితి అయితే ‘వాన్ హెల్సింగ్’, కార్పెంటర్ చిత్రం కాస్త వెలుతురున్నవి. గాలివానల రోజుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కనుక నిడివి కూడా లెక్కలోకి తీసుకోండి. ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ బెంగ ఉండదు.

సర్టిఫికెట్ విషయం. మన దేశంలో ఆన్‌లైన్ చిత్రాలకు 2021 నియమాల ప్రకారం యు, యు/ఏ 7+, 13+, 16+, ఏ అనే గుర్తులు చూపించాలి. ‘ఏ’ అని ఉన్నదాన్ని పిల్లల ముందు పెట్టకండి. 16+ అంటే ఇంటర్ పిల్లలు. టీవీలో వచ్చే హిందీ డబ్బింగ్ ప్రతుల్లో నెత్తురు కత్తిరిస్తారు కాబట్టి పెద్ద ఇబ్బంది ఉండదు గాని, ‘బ్లేడ్’ను అలా కత్తిరించి చూస్తే అతని రక్తదాహం ఎంత ఘోరమో తెలియకుండా పోతుంది. పూర్తి ప్రతి దొరికేదాకా ఆగడమే మంచిది.

మరి నెత్తురు చూస్తే కళ్లు తిరిగేవాళ్ల సంగతి? వాళ్లకోసం 1958లో ఇంగ్లండులో హామర్ సంస్థ తీసిన ‘డ్రాకులా’ ఉంది. అమెరికాలో ‘హారర్ ఆఫ్ డ్రాకులా’ పేరుతో విడుదలైంది. దర్శకుడు టెరెన్స్ ఫిషర్. డ్రాకులాగా క్రిస్టఫర్ లీ, వాన్ హెల్సింగ్‌గా పీటర్ కషింగ్. గంటా ఇరవై నిమిషాలే. నెత్తురు ఒకటి రెండు చోట్ల మాత్రం, అదీ రంగు నీళ్లలా ఎర్రగా ఉంటుంది. ఈ వాన్ హెల్సింగ్ దగ్గర యంత్ర ధనుస్సు లేదు, కండలు లేవు. చక్కగా కోటు వేసుకున్న వైద్యుడు. పిశాచాల గురించి తనకు తెలిసింది ఫోనోగ్రాఫ్‌లో రికార్డు చేసి పెట్టుకుంటాడు, ఆధారం చూశాకే అడుగు వేస్తాడు. చివరి పోరాటంలో అతనికి దొరికే ఆయుధాలు ఆ గదిలో ఉన్న సామాన్లే. నవలలో డ్రాకులా పగలు కూడా తిరుగుతాడు, శక్తి కాస్త తగ్గుతుందంతే. ఎండకు పిశాచి చస్తుందన్న నియమం 1922 నాటి మూకీ చిత్రం ‘నోస్ఫెరాటు’తో స్థిరపడింది, కషింగ్ దాన్ని ఎలా వాడుకున్నాడో చివరి అయిదు నిమిషాల్లో చూడండి. పాత సినిమాలంటే ఇష్టపడే తాతయ్య ఇంట్లో ఉంటే ఆయన పక్కన కూర్చుని చూడవలసింది ఇదే.